పెరటి పిచ్చుక నేర్పిన చదువు – డాక్టర్ సలీం అలీ

మా తరగతిలో మీ సొంత ఊరు ఏదని అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మేమూ పెట్టేబేడా సర్దుకుని కొత్త ఊరు చేరుతాం. మాలో ఒకరు జోధ్‌పూర్ ఎండ చూసి వచ్చారు, ఒకరు కొచ్చి వానలో తడిసి వచ్చారు, ఇంకొకరు డెహ్రాడూన్ చలిలో వణికి వచ్చారు. ఎక్కడికి వెళ్లినా క్వార్టర్ ముందు నాలుగు కుండీలు, వెనక జానెడు పెరడు ఉంటాయి. అక్కడ ఏ మొక్క బతుకుతుంది, ఏ పిట్ట వస్తుంది అన్నది మాత్రం ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవలసిందే.

ఈ ఏడాది బడి తోటలో ఒక మూలను పిట్టల కోసం వదలాలని మేము అనుకున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పిట్టల గురించి ఎవరి దగ్గర నేర్చుకోవాలి అని గ్రంథాలయంలో వెతికితే ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. ఆయనే డాక్టర్ సలీం అలీ. భారతదేశపు పక్షి మనిషి అని లోకం పిలుచుకున్న ఆయన జీవితం చదివాక మాకు ఒక సంగతి అర్థమైంది. ఆయన చదువు ఏ అడవిలోనో మొదలు కాలేదు. ఇంటి గుర్రపుశాలలో, పెరట్లో మొదలైంది. అందుకే ఆయన కథను ఇక్కడ చెప్పాలనుకున్నాం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలందరినీ ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో పెట్టుకుని పెంచారు. స్వాతంత్ర్య సమరయోధుడు అబ్బాస్ త్యాబ్జీ కూడా ఆ కుటుంబం వారే.

మేనమామకు వేట అంటే ఇష్టం. చిన్న సలీంకు ఆయన ఒక గాలి తుపాకీ కొనిచ్చారు. ఆ రోజుల్లో అది తప్పనిపించే ఆట కాదు. పదేళ్ల పిల్లవాడు దానితో పిచ్చుకలను కొట్టేవాడు. అయితే వాడు కొట్టి ఊరుకోలేదు, గమనించాడు. గుర్రపుశాల గోడ కన్నంలో ఒక ఆడ పిచ్చుక గుడ్లు పొదుగుతోంది, మగ పిచ్చుక బయట కాపలా కాస్తోంది. నిలిపి ఉన్న బండి చాటున దాక్కుని మగ పిచ్చుకను కొట్టాడు. కాసేపటికే ఆ ఆడ పిచ్చుక దగ్గరకు మరో మగ పిచ్చుక వచ్చి చేరింది. దాన్నీ కొట్టాడు. మరొకటి వచ్చింది. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి, ప్రతిసారీ కొత్తది వస్తూనే ఉంది. ఈ సంగతంతా వాడు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ రాత అచ్చయింది కూడా. చదువుతుంటే మాకు ఆ పిచ్చుకల మీద జాలి కలిగింది. కానీ ఆ పిల్లవాడి చేతిలోని తుపాకీ కన్నా, ఆ చేతిలోని పెన్సిలే చివరికి గెలిచింది.

ఒకరోజు వాడు కొట్టిన పిచ్చుక వేరుగా ఉంది. గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇది తినదగిన పిట్టేనా అన్న అనుమానంతో మేనమామ దగ్గరకు పట్టుకెళ్లాడు. ఆయనకూ తెలియలేదు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ అని 1883లో మొదలైన సంఘం ఒకటి ఉందని, అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొరగారికి చూపించమని చీటీ రాసిచ్చారు. తెల్లదొర దగ్గరకు ఒంటరిగా వెళ్లడానికి ఆ పిల్లవాడు ఎంత భయపడి ఉంటాడో మేము ఊహించగలం. మిల్లార్డ్ విసుక్కోలేదు. పిట్ట పేరు చెప్పారు. అలమారాలు తెరిచి, కూరి భద్రపరిచిన వందల పిట్టలను చూపించారు. చదవడానికి పుస్తకాలు ఇచ్చారు. సలీం అలీ జీవితం తిరిగిన మలుపు అదే.

ఈ మిల్లార్డ్ గురించి మాకు నచ్చిన మాట ఇంకొకటి ఉంది. ఆయనకు చెట్లన్నా ప్రాణమే. ఫాదర్ బ్లాటర్‌తో కలిసి మన దేశపు అందమైన చెట్ల మీద ఒక పుస్తకం రాశారు. ఆ బ్లాటరే తర్వాత సెయింట్ జేవియర్స్ కళాశాలలో సలీం అలీని జంతుశాస్త్రం చదవమని ప్రోత్సహించారు. అంటే పిట్టల మనిషికి మొదట దారి చూపిన ఇద్దరూ మొక్కల మనుషులే. పిట్టను తెలుసుకోవాలంటే చెట్టును తెలుసుకోవాలన్న పాఠం ఆయనకు అలా ముందే అందింది.

చదువులో సలీం అలీ వెనకబడ్డవారే. లెక్కలంటే భయం. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కారు. కాలేజీ చదువు మధ్యలో వదిలి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మాలోని టవాయ్ వెళ్లారు. అక్కడ గనుల లెక్కల కన్నా అడవిలోని పిట్టల మీదే ఆయన ధ్యాస. 1917లో తిరిగి వచ్చారు. 1918 డిసెంబరులో తెహ్మీనాతో వివాహమైంది. మళ్లీ బర్మా వెళ్లారు గానీ వ్యాపారం నిలబడలేదు. డిగ్రీ లేదన్న కారణంతో ప్రభుత్వపు జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం రాలేదు. చివరికి 1926లో బొంబాయి మ్యూజియంలో వచ్చినవారికి వివరించి చెప్పే పని దొరికింది. రెండేళ్లకే ఆ పని ఒక్కటే ఆయనకు చాలలేదు. సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు.

బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ ఆయనకు గురువయ్యారు. చచ్చిన పిట్ట తోలు చూసి పేరు పెట్టడంతో శాస్త్రం ముగియదని, బతికి ఉన్న పిట్ట ఏం తింటుంది, ఎక్కడ గూడు పెడుతుంది, పిల్లలను ఎలా సాకుతుంది అన్నదే అసలు చదువని అక్కడ ఆయనకు స్పష్టమైంది. హెలిగోలాండ్ దీవిలో వలస పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడగడం చూసి నేర్చుకున్నారు. జర్మనీ చలిదేశం. మంచు కప్పిన నెలల్లో అక్కడ పురుగులూ గింజలూ పిట్టలకు దొరకవు. కాబట్టి ఇళ్ల తోటల్లో గింజలు, కొవ్వు ముద్దలు వేలాడదీస్తారు. చెట్టు తొర్రలకు బదులు చెక్కపెట్టెలు కడతారు. మన దేశంలో మైదానాల పిట్టకు చలికాలం అంత కష్టం కాదు. దానికి కష్టకాలం ఎండాకాలం. చలిదేశపు తోటలో గింజకు ఉన్న విలువ మన తోటలో నీటికి ఉంటుంది. ఒక దేశపు పద్ధతిని ఇంకో దేశానికి అలాగే పట్టుకురాకూడదని మాకు తోచింది ఇక్కడే.

1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి మ్యూజియం ఉద్యోగం లేదు. డబ్బు లేక ఆ పదవినే తీసేశారు. ముప్పై మూడేళ్ల వయసు, చేతిలో పని లేదు. భార్యాభర్తలు బొంబాయికి ఎదురుగా సముద్రపు ఒడ్డునున్న కిహిం అనే పల్లెలో కుటుంబానికి ఉన్న చిన్న ఇంటికి చేరారు. మరొకరైతే దిగులుపడి కూర్చునేవారు. వానాకాలం వచ్చింది. ఇంటి దగ్గరి చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. సలీం అలీ నిచ్చెన మీద చాటు కట్టుకుని గంటల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నారు.

అంతకు ముందు ఎవరూ సరిగ్గా గమనించని సంగతి ఆయనకు అక్కడ కనిపించింది. గూడు కట్టేది మగ గిజిగాడే. పచ్చి గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం గూడు అల్లుతాడు. అప్పుడు ఆడ పిట్టలు వచ్చి గూడు లోపలికి దూరి పరీక్షిస్తాయి. నచ్చకపోతే వెళ్లిపోతాయి. నచ్చితే ఒకటి అందులో చేరుతుంది. మగ పిట్ట ఆ గూడు పూర్తి చేసి, మళ్లీ ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడ పిట్ట కోసం ఎదురుచూస్తాడు. ఈ పరిశీలన అచ్చయ్యాక సలీం అలీ పేరు పక్షి శాస్త్రజ్ఞులకు తెలిసింది. పెద్ద ప్రయోగశాల కాదు, ఉద్యోగం లేని రోజుల్లో పెరటి చెట్టు ఇచ్చిన పేరు అది.

ఇక్కడ మాకు పనికొచ్చే మాట ఉంది. గిజిగాడికి కావలసింది మనం కొని తెచ్చే గూడు కాదు. చీల్చుకోవడానికి పొడవాటి గడ్డి, వేలాడదీయడానికి ఈత చెట్టో తాటి చెట్టో తుమ్మ చెట్టో, దగ్గరలో నీరు. ఇవి ఉంటే అది తానే కట్టుకుంటుంది.

1931లో ఆయన మన ప్రాంతానికి వచ్చారు. అప్పటి నిజాం రాజ్యంలో నేటి తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కొన్ని ఉండేవి. ఆ రాజ్యంలోని పక్షులన్నిటినీ లెక్కకట్టే పనికి ఆయన జీతం అడగలేదు. బండి ఖర్చు, డేరా ఖర్చు ఇస్తే చాలన్నారు. తెహ్మీనా కూడా ఆయన వెంట డేరాల్లోనే గడిపారు. నెలల తరబడి తుప్పల్లో, చెరువు గట్ల మీద, రాతి గుట్టల మధ్య తిరిగి తయారుచేసిన ఆ వివరాలు 1933–34లో సొసైటీ పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత కొచ్చిన్, తిరువాంకూరు, గ్వాలియర్, ఇందూరు, భోపాల్ సంస్థానాలు కూడా ఆయనకు ఇదే పని అప్పగించాయి. 1940లలో కచ్ ఎడారినీ చుట్టారు. వాన తడి ఆరని కేరళ నుంచి వాన చుక్క కోసం చూసే కచ్ దాకా ఒకే మనిషి, ఒకే నోటు పుస్తకం.

తిరిగిన చోటల్లా ఆయన చెట్టునూ పిట్టనూ కలిపే చూశారు. 1932లో పూలకూ పిట్టలకూ ఉన్న స్నేహం మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. మోదుగ, బూరుగు వంటి చెట్లు ఆకులు రాల్చి ఎర్రగా పూసే కాలంలో గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, కాకులు సైతం వాటి మీద వాలుతాయి. తేనె తాగుతుంటే తలకు పుప్పొడి అంటుకుంటుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు అది అక్కడ అంటి కాయ కడుతుంది. పిట్టకు ఆకలి తీరుతుంది, చెట్టుకు సంతానం కలుగుతుంది. మా ఇంటి మందారం మీద తేనెపిట్ట వాలినప్పుడు ఇదివరకు ఫోటో తీసేవాళ్లం. ఇప్పుడు దాని తల మీద పుప్పొడి ఉందా అని చూస్తున్నాం.

ఆ తర్వాత తెహ్మీనాతో కలిసి కొన్నాళ్లు డెహ్రాడూన్‌లో ఉన్నారు. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్మీనా చనిపోయారు. ఉద్యోగం లేని రోజుల్లో, డేరాల్లో, ఎండల్లో ఆయన వెంట నిలిచిన మనిషి ఒక్కసారిగా దూరమయ్యారు. ఆయన బొంబాయి వచ్చి చెల్లెలి వరసలోనో అక్క వరసలోనో కాక, సొంత తోబుట్టువు కమూ ఇంట్లోనే మిగిలిన జీవితమంతా గడిపారు. పని మాత్రం ఆపలేదు. 1941లో భారతీయ పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. శాస్త్రం చదవనివారు కూడా బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టగలిగేలా రాసిన పుస్తకం అది. జైలులో ఉన్న నెహ్రూ దానిని కూతురు ఇందిరకు కానుకగా పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక సొసైటీ డబ్బు లేక మూతపడే స్థితికి వస్తే సలీం అలీ నెహ్రూకు రాసి సాయం తెచ్చారు. చిన్నప్పుడు తన కోసం అలమారా తెరిచిన ఆ తలుపు ఇంకెవరికీ మూసుకుపోకూడదని ఆయన తపన. తర్వాత అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షులపై పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువరించారు.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన సొమ్మును ప్రకృతి సంరక్షణకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. లెక్కల్లో తప్పిన పిల్లవాడు, డిగ్రీ లేదని ఉద్యోగం రాని యువకుడు ఆయనే.

ఆయన గురించి మంచి మాత్రమే చెప్పి ముగిస్తే అది పూర్తి కథ కాదు. పిట్టలను గుర్తించడం కోసం ఆయన తరం శాస్త్రజ్ఞులు వాటిని కొట్టి భద్రపరిచేవారు. ఆయనా ఆ పని చేశారు. ఇంకొకటి భరత్‌పూర్ సంగతి. రాజులు బాతులను వేటాడే ఆ చిత్తడి నేల పక్షుల రక్షణ కేంద్రం కావడానికి, 1982లో జాతీయ పార్కు కావడానికి ఆయన ఎంతో కృషి చేశారు. పార్కులోకి పశువులు రాకూడదని కూడా ఆయన గట్టిగా కోరారు. పశువులను ఆపేశాక గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది. నీటి పిట్టలు తగ్గాయి. ఆ గేదెలు మేస్తూ గడ్డిని అదుపులో ఉంచేవని సొసైటీ పరిశోధనలోనే తర్వాత తేలింది. అంత తెలిసిన మనిషికి కూడా ప్రకృతి చివరిదాకా కొత్త పాఠం చెబుతూనే ఉంది. శుభ్రం చేయడం, ఖాళీ చేయడం అన్ని వేళలా కాపాడడం కాదు.

1986లో మన కడప జిల్లా తుప్పల అడవిలో కలివికోడి మళ్లీ కనిపించింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పిట్ట అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. దానిని వెతికి పట్టింది సొసైటీ పరిశోధకుడే, అందుకు సాయపడింది దాని పేరూ నడకా తెలిసిన స్థానికుడు. ముళ్ల తుప్పలు, రాళ్లు, పనికిరాని నేల అని మనం అనుకునే చోటే అది ఇల్లు కట్టుకుంది. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడు, 1987 జూన్ 20న, ఆయన కన్నుమూశారు.

ఇదంతా చదివాక మేము మొక్కలు కొనడానికి ముందు వారం రోజులు చూస్తూ కూర్చున్నాం. ఏ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఎక్కడ వాలుతుంది, ఏం ముక్కుతో పొడుస్తుంది అని రాసుకున్నాం. తర్వాతే పని మొదలుపెట్టాం. మాది ఎండ ప్రాంతం కాబట్టి ముందు నీరు. అంగుళం లోతు నీళ్లతో మట్టి మూకుడు నీడలో పెట్టి, రోజూ మారుస్తున్నాం. పిల్లి దాక్కునే పొద పక్కన పెట్టలేదు. నాలుగు వరసలు జొన్న, సజ్జ చల్లాం. మందారం, నూరువరహాలు నాటాం. పురుగుల మందు కొట్టవద్దని తోటమాలి తాతయ్యను అడిగాం. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పురుగులే పెడుతుంది కదా. ఒక మూల ఎండుటాకులు ఊడ్చకుండా వదిలేశాం. మొదట అది చూసి బద్ధకం అనుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు అక్కడ గోరింకలు ఆకులు తిరగేస్తుంటే వాళ్లే మమ్మల్ని పిలిచి చూపిస్తున్నారు. మా తాతలు గుమ్మాలకు, గుడి మండపాలకు వరి కంకుల కుచ్చులు కట్టేవారు. ఒక కుచ్చు మేమూ వరండాలో కట్టాం.

వానల ఊరికి వెళ్లే మిత్రులకు మా మాట ఇది. అక్కడ నీటి మూకుడు కన్నా అరటి, బొప్పాయి, పూల తీగలు మేలు. అరటి పువ్వుకు తేనెపిట్ట తప్పక వస్తుంది. ఎడారి ఊరికి వెళ్లేవాళ్లు నీరు, సజ్జ గింజలు, ఒక ముళ్ల చెట్టు నీడ మరిచిపోవద్దు. గుజరాత్‌లో పిట్టల మేత కోసం ఊరి మధ్య చబూత్రాలు కట్టే ఆచారం ఉంది, చూసి రండి. కొండ ఊరికి వెళ్లేవాళ్లు పండ్లు కాసే అక్కడి చెట్లనే ఎంచుకోండి. ఎక్కడైనా ఆ ఊరి మొక్కే ఆ ఊరి పిట్టకు తెలిసిన మొక్క.

వచ్చే ఏడాదికి మాలో కొందరం ఇక్కడ ఉండం. బదిలీ ఉత్తర్వులు వస్తే మేము నాటిన మందారం పూయడం చూడకుండానే వెళ్లాల్సి రావచ్చు. అందుకే పిట్టల నోటు పుస్తకాన్ని గ్రంథాలయంలో ఉంచుతున్నాం. తేదీ, వేళ, మొక్క, పిట్ట అని నాలుగు గళ్లు గీశాం. గుర్రపుశాలలో పదేళ్ల పిల్లవాడు రాసుకున్న కాగితం అన్నేళ్లు నిలిచి పనికొచ్చింది. మా తర్వాత ఈ తరగతికి వచ్చేవారు మిగిలిన పేజీలు నింపాలని కోరుతున్నాం.